లీటర్ల బావ

లీటర్ల బావకు మనుషుల పేర్లు గుర్తుండవు. వాళ్ళ బండిలో ఏ నూనె ఎంత పడుతుందో మాత్రం చచ్చినా మరిచిపోడు. సొంత మేనత్త కొడుకు చాలా ఏళ్ళ తర్వాత ఎదురుపడి, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటే, బావ ఆయన ముఖం వైపు చూడనే లేదు. ఆయన వెనక నిలబెట్టి ఉన్న పాత స్కూటరు వైపు చూశాడు.

"ఇంజనాయిలు ఎనిమిది వందల మిల్లీ. గేరుకి నూట ఇరవై. నువ్వు చిన్నత్త కొడుకువి కదూ. పిల్లలు బాగున్నారా?" అన్నాడు.

ఆ పెద్దమనిషి నొచ్చుకోవాలో మెచ్చుకోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయాడు. బావతో పరిచయమున్న ప్రతివాళ్ళకీ ఏదో ఒక రోజు ఆ అవస్థ తప్పదు.

నిజానికి ఆయన్ని బావా అని పిలిచే హక్కు ఆయన మెకానిక్కుగా పనిచేసే లారీల షెడ్డులో ఒక్కడికే ఉంది. ఆయన భార్య తమ్ముడికి. ఈ బావమరిది అదే షెడ్డులో డ్రైవరు. గొంతు పెద్దది. పొద్దస్తమానం ఈ చివర నుంచి ఆ చివరకి "బావా, జాకీ ఎక్కడ?", "బావా, గ్రీజు అయిపోయింది" అని కేకలేస్తుంటే, విని విని మిగతా డ్రైవర్లకీ, టైర్ల పనాయనకీ, గేటు కాపలాదారుకీ అదే నోటికి పట్టేసింది. చివరికి టీ అమ్మే ఆవిడ, వయసులో ఆయనకి అమ్మ వరసయ్యే మనిషి, ఆవిడా బావా అనడం మొదలుపెట్టింది. ఒక్క ఓనరు మాత్రం "లీటర్లాయన" అంటాడు. ఈ రెండూ ఎప్పుడు కలిసిపోయాయో ఎవరికీ తెలియదు.

షెడ్డు ఊరి చివర ఉంటుంది. రేకుల కప్పు, నూనె పీల్చి పీల్చి నల్లబడ్డ నేల, డజను లారీలు. వాటి ఆరోగ్యమంతా బావ చేతిలోనే. లోపలి గోడకి నల్లరంగు కొట్టించి, దాని మీద సుద్దముక్కతో ప్రతి లారీ మైలేజీ రాస్తాడు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్నది ఆ గోడ మీద చూశాకే డ్రైవర్లు ఇంటికి వెళ్ళేది. పరీక్ష ఫలితాలకి కూడా ఎవరూ అంత వణకరు.

"ఇంజనుకి పద్దెనిమిది, గేరు పెట్టెకి తొమ్మిది, వెనక హౌసింగుకి పదమూడు, రేడియేటరుకి ఇరవై నాలుగు." ఎక్కం అప్పజెప్పినట్టు ఇట్లా అన్ని బళ్ళవీ అప్పజెప్పగలడు. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు భుజాన వేసుకుని జోలపాటకి బదులు ఇదే పాడేవాడు. రేడియేటరు దగ్గరికి వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్ళయి వేరే ఊళ్ళో కాపురముంది. ఇప్పటికీ ఎవరైనా రేడియేటరంటే ఆవలిస్తుందని అల్లుడు చెప్తాడు.

డీజిలు పంపు దగ్గర బావని చూడాలి. ట్యాంకు నింపడమంటే లోకానికంతటికీ పైపు పెట్టడం, టక్కుమనగానే తీసేయడం. బావకి ఆ టక్కు దగ్గరే పని మొదలవుతుంది. ఎప్పుడూ ఒకటే పంపు, ఒకటే పైపు. లారీ చక్రాలు కూడా అంతకు ముందు నిలబడ్డ చోటే నిలబడాలి. నేల ఒక్క వేలెడు వాలుగా ఉన్నా లెక్క తప్పుతుందంటాడు. ఎండెక్కితే డీజిలు ఉబ్బుతుంది కాబట్టి పొద్దున్నే చల్లదనంలోనే నింపాలి. టక్కుమన్నాక, బావా బావమరిదీ చెరోవైపు పట్టుకుని అంత లారీనీ ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. అప్పుడు ట్యాంకు మూలల్లో దాక్కున్న గాలి బుడబుడమని పైకొస్తుంది. వెనక వరసలో బళ్ళు హారన్లు మోగిస్తుంటాయి. బావకి వినపడవు.

మొదటిసారి ఇదంతా చూసి పంపు ఆవిడ విసుక్కుంది.

"ట్యాంకు నిండింది కదండీ. ఇంకెక్కడ పడుతుంది?"

"రెండు వందల యాభై మిల్లీ పడుతుందమ్మా."

ఆవిడ మొహం చిట్లించుకుని పోసింది. మీటరు ఇంకో పావు లీటరు తిరిగేసరికి డీజిలు ట్యాంకు మూతి అంచున అద్దంలా నిలబడింది. ఒక్క చుక్క పొర్లలేదు. ఇంకొక్క చుక్కకి చోటూ లేదు. ఆవిడ మీటరు వంక చూసింది, ట్యాంకు వంక చూసింది, బావ వంక చూసింది. ఆ రోజు నుంచీ బావ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడుతోంది. పంపు ఓనరు వచ్చినా లేవని మనిషి.

ఇంట్లో మాత్రం ఆయన్ని చూసి లేచి నిలబడేవాళ్ళెవరూ లేరు. అక్క, అంటే బావమరిది అక్క, ఆయన లీటర్లకి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

"స్నానానికి నీళ్ళు తోడాను, వెళ్ళండి."

"ఆ బకెట్టు పదహారు లీటర్లు పడుతుంది. నువ్వు పద్నాలుగే తోడావు."

"మిగతా రెండూ నేను ఏడ్చి నింపుతాను. ముందు మీరు వెళ్ళండి."

ఇంకోసారి ఆవిడ వంటగది మైలేజీ కూడా కట్టాడు. గ్యాసు బండ పోయిన నెల కంటే తొందరగా అయిపోయిందనీ, బర్నరులో మసి ఉండొచ్చనీ, లేదా మూత పెట్టకుండా వండుతున్నావనీ అన్నాడు. అక్క గరిటె కింద పెట్టి, "లోపం బర్నరులో లేదు. పోయిన నెలంతా మీరు రెండోసారి వడ్డించుకున్నారు" అంది. బావ ఆలోచించి, అది నిజమేనని ఒప్పుకుని, లెక్కలో ఆ మేరకు దిద్దుకున్నాడు.

ఇదంతా చూసి బావమరిది నవ్వుకునేవాడు. నవ్వుకుంటూనే లోలోపల భయపడేవాడు కూడా. ఆ భయం ఎప్పుడు మొదలైందో అతనికి బాగా గుర్తుంది. కొత్తగా డ్రైవరైన రోజుల్లో ఒకసారి ఇద్దరూ కలిసి ఖాళీ లారీలో తిరిగి వస్తున్నారు. డీజిలు ముల్లు పాడైపోయి ఉంది. చుట్టూ కనుచూపు మేర ఊరన్నది లేదు.

"బావా, దారిలో ఆగిపోతే?"

"ఆగదు. పంపు దాకా వస్తుంది."

"నువ్వెట్లా చెప్తున్నావు, ముల్లే లేకపోతే?"

"ఉన్నది ఎంత, తాగేది ఎంత, పోవాల్సింది ఎంత. ఇందులో ముల్లుతో పనేముంది? కాలు మాత్రం మెత్తగా వెయ్యి. ఆ పెడలు కింద నిద్రపోతున్న పసిపిల్ల అరచెయ్యి ఉందనుకో."

బావమరిది ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ నడిపాడు. ఎట్టకేలకు పంపు కనపడింది. లారీ రోడ్డు దిగి, పంపు ఆవరణలోకి ముందు చక్రాలు మోపి, ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

"బావా, లోపలికి రాలేదు."

"పంపు దాకా వస్తుందన్నాను. లోపలికి వస్తుందని అన్నానా? పైపు లాగి చూడమను, అందుతుంది."

పైపు లాగారు. అందింది. బావమరిది కిందికి దిగి చక్రం ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచీ బావ ఏం చెప్పినా ఎందుకని అడగడం మానేశాడు. ఆయన చెప్పినట్టే కాలు మెత్తగా వేస్తూ, ఆ విద్య ఒంటబట్టించుకుని, కొన్నాళ్ళకి గోడ మీద అందరికంటే పైన నిలబడ్డాడు. నాలుగుంపావు. లోడు లారీకి ఆ రోడ్ల మీద లీటరుకి నాలుగుంపావు కిలోమీటర్లంటే మాటలు కాదు. బావ ఏనాడూ ఎదుట మెచ్చుకోలేదు గానీ, ఆ అంకె రాసేటప్పుడు మాత్రం కొత్త సుద్దముక్క విరిచేవాడు.

ఏళ్ళ తరబడి అట్లా నిలబడ్డ నాలుగుంపావు, ఉన్నట్టుండి నాలుగైంది. తర్వాత మూడుంముప్పావైంది.

కారణం బావమరిదికి తెలుసు. తెలిసింది అతనొక్కడికే. ముందు ఎడమ కన్నుతో మొదలైంది. అద్దం మీద ఆవిరి పట్టినట్టుండేది. గుడ్డతో తుడిచేవాడు. అద్దం శుభ్రంగానే ఉండేది. పొద్దువాలాక ఎదురుగా వచ్చే ఒక్క లైటు పువ్వులా విచ్చుకుని రోడ్డంతా పరుచుకునేది. తర్వాత కుడి కన్నూ కొద్దికొద్దిగా అదే దారి పట్టింది. స్పీడు బ్రేకర్లు దగ్గరికి వచ్చాక గానీ కనపడేవి కావు. ఆగి ఉన్న బండి ఆగి ఉందని ఆలస్యంగా తెలిసేది. ఒక్కసారిగా బ్రేకు తొక్కడం, మళ్ళీ మొదటి గేరు నుంచి లాక్కోవడం. తెలియని దారిలో చిన్న గేరులోనే బిక్కుబిక్కుమంటూ పోవడం.

నల్లకళ్ళద్దాలు కొనుక్కున్నాడు. కొత్త షోకు అనుకుంది భార్య. ఆవిడకీ చెప్పలేదు. చెబితే కన్ను కోస్తారని ఒక భయం. కన్ను పోయిందని ఓనరుకి తెలిస్తే స్టీరింగు ముందు నుంచి లేపేస్తాడని ఇంకో భయం. గేటు దగ్గర కూర్చునే కాపలాదారు ఒకప్పుడు డ్రైవరే. చూపు తగ్గిందని తీసుకెళ్ళి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆయన ఎంత బాగా లారీ నడిపేవాడో చెప్పుకునేవాళ్ళు కూడా లేరు. స్టీరింగు పట్టుకోవడం తప్ప బావమరిదికి ఇంకో పని రాదు.

అందుకని పళ్ళ బిగువున నడుపుకొస్తున్నాడు. గోడ మాత్రం ఊరుకోలేదు. మూడున్నరకి దిగింది.

బావ ఆ అంకె రాసి, చెరిపి, మళ్ళీ రాశాడు. "నా లెక్కే ఎక్కడో తప్పు పోయి ఉంటుంది" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి అంతకు ముందు ఎవరూ విని ఉండలేదు. టైర్ల పనాయన చేతిలో పానా కిందపడింది.

ఇక బావ ఆ లారీని వదల్లేదు. టైర్లలో గాలి చూశాడు. గాలి ఫిల్టరు విప్పి ఎండలోకి పట్టి చూశాడు. చక్రాలన్నీ జాకీ మీదికి లేపి, ఒక్కొక్కటే చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. ట్యాంకు కింద తెల్లకాగితం పరిచి, చుక్క పడుతుందేమోనని దాని పక్కనే కూర్చున్నాడు. నూనెలన్నీ దించి కొలిచాడు. పోసినవన్నీ పోసినంత ఉన్నాయి. ఏ రోగమూ లేదు.

షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. దారిలో డీజిలు అమ్ముకుంటున్నాడేమోనని ఎవరో అన్నారు. ఆ మాట ఓనరు చెవిన పడింది. ఆయన బావని పక్కకి పిలిచాడు.

"మీ బావమరిది కాబట్టి మీతోనే అంటున్నాను. నాకైతే అనుమానంగా ఉంది."

"డీజిలు తీసి అమ్మితే మైలేజీ ధబీమని పడుతుందండి. ఇది మెట్టు మెట్టుగా దిగుతోంది. దొంగతనం ఇట్లా ఉండదు. జబ్బు ఇట్లా ఉంటుంది."

"బండికా?"

"అదే చూస్తున్నానండి."

లారీ అవతల నిలబడి బావమరిది ఇదంతా విన్నాడు. దొంగన్న మాట కంటే జబ్బన్న మాటకే అతను ఎక్కువ బెదిరాడు.

చివరికి బావ చక్రాలు ఊడదీసి బ్రేకులు చూశాడు. మొన్న మొన్న వేసిన కొత్త లైనింగులు అరిగి రేకుల్లా అయిపోయాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ బండిలో డీజిలు ఇంజను తాగట్లేదురా. బ్రేకులు తాగుతున్నాయి."

"అంటే?"

"పోసిన డీజిలుతో పరుగు తీయిస్తున్నాం. ఆ పరుగంతా బ్రేకు తొక్కి వేడి చేసి పారేస్తున్నాం. మళ్ళీ డీజిలు పోసి పరుగు తీయిస్తున్నాం."

"రోడ్లు అట్లా ఉన్నాయి బావా. ఎక్కడ పడితే అక్కడ అడ్డం వస్తారు."

"అవునా. అయితే రేపు నేనూ వస్తాను. ఎవరు అడ్డం వస్తారో చూద్దాం."

మర్నాడు బావ పక్క సీట్లో కూర్చున్నాడు. బావమరిది నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా నడుపుతున్నాడు. కొంత దూరం పోయాక లారీ గాల్లోకి లేచి పడింది. బావ తల పైకప్పుకి తగిలింది.

"స్పీడు బ్రేకరు. చూసుకోలేదు బావా, మాటల్లో పడి."

"మనం మాట్లాడుకోవట్లేదు కదరా."

బావ తల తడుముకుంటూ కూర్చున్నాడు. ఇంకాస్త దూరం పోయాక, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"ముందు పోతోందే, ఆ ట్యాంకరు ఎన్ని లీటర్లదిరా? వెనక రాసి ఉంటుంది చూడు."

ముందు తెల్లగా, పెద్దగా ఏదో కదులుతోంది. దాని మీద ఎర్రగా ఏదో అలికినట్టుంది. బావమరిది కళ్ళు చిట్లించాడు. ట్యాంకర్లు సాధారణంగా ఎంతుంటాయో తెలుసు కాబట్టి, ధైర్యం చేసి వదిలాడు.

"పన్నెండు వేలు బావా."

"ఊఁ" అన్నాడు బావ.

అంతే. దిద్దలేదు, అరవలేదు. పన్నెండు వేలేనన్నమాట అనుకుని బావమరిది గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కాకపోతే బావ ఊరుకునే మనిషా? పాలవాడు గ్లాసు తక్కువ పోస్తే రోడ్డు దాకా వెంటపడి చెప్పొచ్చే రకం.

"పక్కకి ఆపరా. ఇక్కడి నుంచి నేను నడుపుతాను. ఇంజను చప్పుడు వినాలి" అన్నాడు బావ. ఆ రోజు మళ్ళీ స్టీరింగు ఇవ్వలేదు.

సాయంత్రం షెడ్డులో అందరూ ఎదురు చూస్తున్నారు. ఓనరు కూడా కుర్చీ బయట వేయించుకున్నాడు.

"ఏం తేలింది లీటర్లాయనా?"

బావ చేతులు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఇంకోసారి తుడుచుకున్నాడు.

"తేలలేదండి. నాకు అంతు చిక్కలేదు. బండిని లోపల పెట్టి మొత్తం ఊడదీయాలి. అన్నాళ్ళూ డ్రైవరు ఇంట్లో ఉంటాడు."

ఎండలో సూర్యుడు రాలేదని ఎవరైనా చెబితే ఎట్లా చూస్తారో, అట్లా చూశారు అందరూ. టీ ఆవిడ కెటిలు పట్టుకుని నిలబడిపోయింది. కూర్చోడానికి తావు వెతుక్కున్నవాడు బావమరిది ఒక్కడే. తన మూలంగా బావ తలవంచుకోవాల్సి వచ్చిందని అతనికి ఒకవైపు గుండె పిండేస్తోంది. ఇంకోవైపు, బతికిపోయానని ఊపిరి ఆడుతోంది. రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో అతనికే అర్థం కాలేదు.

తెల్లవారాక బావ స్కూటరు వేసుకుని బావమరిది ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఎక్కు. ఒక పార్టు కొనాలి."

పార్టుల దుకాణాల వీధి దాటిపోయింది. ఆ వెనక వీధీ దాటిపోయింది. స్కూటరు కంటి ఆసుపత్రి ముందు ఆగింది. బావమరిది దిగలేదు.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"బ్రేకులు చూసినప్పుడు అనుమానం వచ్చింది. ట్యాంకరు పన్నెండు వేలన్నప్పుడు తెలిసింది."

"ఎంత రాసుంది దాని మీద?"

"అది ట్యాంకరు కాదురా. పరుపుల లారీ."

బావమరిది నల్లకళ్ళద్దాలు తీసేశాడు. కాసేపు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. బావ స్కూటరు స్టాండు కూడా వేయకుండా, అతను దిగేదాకా కాలు నేల మీద ఆనించి అట్లాగే మోస్తూ ఉన్నాడు.

"ఓనరుకి నిజం చెప్పేస్తాను బావా. నీ పేరు ఎందుకు చెడగొట్టుకోవడం?"

"చెప్పి ఏం చేస్తావు? బండిని షెడ్డులో పెడితే ఎప్పుడు బయటికొస్తుందని రోజూ అడుగుతారు. మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. బండినే ఉండనీ లోపల. నా పేరుకేం, పెద్ద కంపెనీయా? దిగు."

డాక్టరమ్మ చూసింది. ఎడమ కంట్లో శుక్లం ముదిరిందనీ, కుడి కంట్లో మొదలైందనీ చెప్పింది. మసకబారిన లోపలి అద్దం తీసేసి కొత్తది పెడతామనీ, చూపు బాగా వస్తుందనీ, తను చెప్పేవరకూ మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దనీ అంది. బావమరిది ముఖంలో నెత్తురు కదిలింది. అప్పటిదాకా బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డ బావ చిన్నగా దగ్గాడు. బావమరిదికి అర్థమైంది. ఆపుదామనుకున్నాడు గానీ ఆలస్యమైపోయింది.

"అమ్మా, ఒక మాట. కంటి లోపల ద్రవం ఎంత పడుతుంది?"

డాక్టరమ్మ పెన్ను ఆపి చూసింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు.

"వెనక భాగంలో దాదాపు నాలుగు మిల్లీలీటర్లు. ముందు వైపు పావు మిల్లీ."

"రెండు కళ్ళకీ కలిపా?"

"ఒక్కో కంటికీ."

"ఎన్నాళ్ళకోసారి మార్చాలమ్మా?"

"ముందుది దానంతట అదే మారుతూ ఉంటుంది. వెనకది మార్చే పని లేదు. చిన్నప్పటి నుంచీ ఉన్నదే."

బావ పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు. గోడ మీద వేలాడుతున్న కంటి బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. డీజిలు పంపు ఆవిడ తనని ఎట్లా చూస్తుందో, అట్లా చూశాడు.

"నాలుగు మిల్లీ" అన్నాడు తనలో తనే. "ఒక చెంచాడు కూడా కాదు. దాంతోనేరా మనం ఇన్ని రోడ్లు చూసింది."

ఎడమ కంటికి ఆపరేషను అయింది. బావమరిది కంటికి కట్టుతో ఇంట్లో ఉన్నాడు. అక్క, భార్యా ఇద్దరూ దగ్గర కూర్చుని వేళకి చుక్కలు వేసేవాళ్ళు. అక్కడ షెడ్డులో బావ, ఏ పాపమూ ఎరుగని ఆ లారీని విప్పుతూ కూర్చున్నాడు. ఇవాళ విప్పింది రేపు బిగించేవాడు. రేపు బిగించింది ఎల్లుండి మళ్ళీ విప్పేవాడు. డ్రైవర్లు పక్క నుంచి పోతూ, "ఏం బావా, రేడియేటరులో ఎన్ని పడతాయో ఇంకా గుర్తుందా?" అని ఆటపట్టించేవాళ్ళు. "ఇరవై నాలుగు" అనేవాడు బావ, తల ఎత్తకుండా. "లీటర్లాయన పని అయిపోయింది" అని ఓనరు టీ ఆవిడతో అన్నాడట. ఆవిడ ఆ పూట ఆయనకి చప్పటి టీ ఇచ్చింది.

ఓనరుకి ఓపిక నశించింది. "బయటి నుంచి పెద్ద మెకానిక్కుని పిలిపిస్తున్నాను. రేపు వస్తాడు" అన్నాడు.

ఆ సాయంత్రమే బావ గేరు పెట్టె మొత్తం కిందికి దింపేశాడు. మర్నాడు పెద్ద మెకానిక్కు వచ్చి, నేల మీద బారుగా పరిచిన పళ్ళచక్రాలు చూసి, "ఇదంతా బిగించాక పిలవండి" అని వెళ్ళిపోయాడు. బావ వాటిని కిరసనాయిల్లో ఒక్కొక్కటే కడిగి, తుడిచి, పేర్చి, వీలైనంత మెల్లగా బిగించాడు. ఆ గేరు పెట్టె కంపెనీలో పుట్టిన రోజున కూడా అంత శుభ్రంగా ఉండి ఉండదు.

డాక్టరమ్మ ఇక నడపొచ్చని చెప్పిన రోజున గేరు పెట్టె పైకెక్కింది. బావమరిది లారీ ఎక్కాడు. ఊరు దాటింది. చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయి. ఎక్కడో దూరాన రోడ్డు దాటుతున్న మనిషి చేతిలో గొడుగుందని కనపడింది. ఆ మనిషి రోడ్డు దాటడం పూర్తయ్యేదాకా చూసి, కాలు మెత్తగా వదిలాడు. బ్రేకు జోలికే పోలేదు. పక్కన బావ కళ్ళు మూసుకుని ఇంజను వింటున్నాడు, సంగీతం విన్నట్టు.

తిరిగొచ్చాక పంపు దగ్గర లారీని ఊపారు. బుడగలన్నీ వచ్చాయి. పంపు ఆవిడ లేచి నిలబడి ఆఖరి మిల్లీ దాకా పోసింది. బావ కళ్ళు పైకెత్తి భాగించాడు. తర్వాత షెడ్డుకి వచ్చి, అందరి ముందూ కొత్త సుద్దముక్క విరిచి గోడ మీద రాశాడు. నాలుగు పాయింటు ముప్పై, పాత నాలుగుంపావు కంటే ఓ పిసరు ఎక్కువే.

డ్రైవర్లు మూగారు. ఓనరు జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏంటిది లీటర్లాయనా? లోపం దొరికిందా?"

"దొరికిందండి. ముందు అద్దానికి మసక పట్టింది. మార్పించాను."

ఓనరు లారీ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. పెద్ద అద్దం పాతదే. కింది మూలన నిరుడు రాయి తగిలిన చీలిక అట్లాగే ఉంది. లైట్ల అద్దాలు రెండూ తట్టి చూశాడు. అవీ పాతవే.

"ఏ అద్దం మార్చారు?"

"లోపలిదండి. చాలా చిన్నది. పైకి కనపడదు."

"అద్దానికీ మైలేజీకీ ఏంటి సంబంధం?"

"ఉందండి" అన్నాడు బావ.

బావమరిది గబగబా వెనక్కి వెళ్ళి, గాలి సరిగ్గానే ఉన్న టైరుని కాలితో తన్ని చూడటం మొదలుపెట్టాడు. ఓనరు అతని వెనకే చూశాడు. నల్లకళ్ళద్దాలు లేని ఆ ముఖాన్ని, ఇంకా కొంచెం ఎర్రగా ఉన్న ఆ ఎడమ కన్నుని తీరిగ్గా చూశాడు. మళ్ళీ బావ వైపు తిరిగాడు. బావ సుద్ద అంటిన వేళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మరి రెండో వైపు అద్దం ఎట్లా ఉంది?" అన్నాడు ఓనరు.

బావ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"అది కూడా కొద్దిగా మసకగా ఉందండి. ఇప్పుడే తొందరేం లేదన్నారు."

"తొందరగానే మార్పించెయ్యండి. బండి ఎన్నాళ్ళు షెడ్డులో ఉండాలో ఉండనివ్వండి" అని ఓనరు కుర్చీ వైపు నడిచాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఈసారి గేరు పెట్టె మాత్రం దింపకండి."